నల్లబడిన పన్నును చూసి భయపడకండి

మీ పాపకు ఐదేళ్లు. రాత్రి అన్నం తింటూ ఉన్నట్టుండి చెంప పట్టుకుని ఏడ్చింది. సెల్‌ఫోన్ లైటు వేసి నోట్లోకి చూస్తే వెనక దవడ పన్ను మధ్యలో గోధుమరంగు గుంట. అప్పటికి ఓ లవంగం పెట్టి నిద్రపుచ్చారు. పొద్దున్నే క్లినిక్‌కు తీసుకెళ్తే అక్కడ మీకు వినిపించేది సాధారణంగా రెండు మాటల్లో ఒకటి. "పాలపన్నేగా, ఎలాగూ ఊడిపోతుంది, ఈ సిరప్ వాడండి" అన్నది మొదటిది. "నాలుగు పళ్లు పాడయ్యాయి, రూట్ కెనాల్ చేసి క్యాపులు వేయాలి, పాప కుదురుగా కూర్చోదు కాబట్టి మత్తు ఇచ్చి చేద్దాం" అన్నది రెండోది. మొదటి మాట విని తేలిగ్గా ఇంటికొస్తారు. రెండో మాట విన్నవాళ్లు గుండె జారి ఇంటికొస్తారు. చాలాసార్లు ఈ రెంటికీ మధ్య ఒక దారి ఉంటుంది. దాని గురించి మీకెవరూ చెప్పి ఉండరు. నేనూ చాలా ఏళ్లు చెప్పలేదు.

నేను దంతవైద్యుణ్ణి కాను. ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల డాక్టర్ని. జ్వరం, దగ్గు, విరేచనాలతో వచ్చే పిల్లల్ని చూడటం నా పని. మా చదువులో నోటి గురించి చెప్పింది చాలా తక్కువ. టాన్సిల్స్ చూడటానికి నాలుక నొక్కిపడతాం కానీ దారిలో కనిపించే పళ్లను మాత్రం పట్టించుకోం. చిల్కానగర్ నుంచి వచ్చిన ఓ తల్లి దగ్గుతో ఉన్న కొడుకును చూపించి, "పండ్లు గూడ పుచ్చినయి సార్" అంటే, నేనూ అందరిలాగే "పాలపళ్లేనమ్మా, ఊడిపోతాయి" అన్నాను. ఆరు నెలల తర్వాత అదే బాబును అర్ధరాత్రి తీసుకొచ్చారు. కుడి చెంప మొత్తం వాచి కన్ను మూసుకుపోయింది. ఒళ్లు కాలిపోతోంది. పన్ను వేరు దగ్గర చేరిన చీము ముఖంలోకి పాకింది. పెద్దాసుపత్రికి పంపి, రోజుల తరబడి రక్తనాళంలోకి యాంటీబయాటిక్స్ ఎక్కించి, పన్ను తీసేశాక గానీ తగ్గలేదు. "మీరే గద సార్ ఊడిపోతయన్నరు" అంది ఆ తల్లి. కోపంగా కూడా అనలేదు. ఆ రోజు నుంచి నా దగ్గరికి వచ్చిన ప్రతి బిడ్డ పై పెదవి ఎత్తి చూస్తున్నాను.

పాలపన్ను ఎప్పుడు ఊడుతుంది?

ముందు ఈ లెక్క సరిచూసుకోండి. పాలపళ్లు మొత్తం 20. ముందరి పళ్లు ఆరేడేళ్లకు ఊడిపోతాయి, నిజమే. కానీ వెనక నమిలే దవడ పళ్లు పది నుంచి పన్నెండేళ్ల వయసు దాకా ఉండాలి. ఐదేళ్లకు పుచ్చిన దవడ పన్ను ఇంకా ఐదారేళ్లు పని చేయాల్సిన పన్ను. అన్నేళ్లు ఆ బిడ్డ ఒక వైపే నములుతూ, చల్లటిది తాకితే ఉలిక్కిపడుతూ, రాత్రి నిద్రలో లేచి ఏడుస్తూ గడపాలా? పైగా ఆ పన్ను ముందే ఊడితే పక్క పళ్లు ఆ ఖాళీలోకి జరుగుతాయి. కింది నుంచి వచ్చే శాశ్వత దంతానికి చోటుండదు. తర్వాత పద్నాలుగేళ్లకు క్లిప్పులు వేయించే ఖర్చుకు చాలాసార్లు ఇదీ ఒక కారణం.

ఇంకో సంగతి చాలా ఇళ్లలో తెలియదు. ఆరేళ్ల వయసులో, ఏ పన్నూ ఊడకుండానే, పాల దవడ పళ్లన్నిటికీ వెనక కొత్తగా ఒక పెద్ద పన్ను వస్తుంది. పైన రెండు, కింద రెండు. అవి శాశ్వత దంతాలు. పాతవేవీ ఊడలేదు కాబట్టి అవీ పాలపళ్లే అనుకుంటారు. వాటి పైభాగంలో లోతైన గాళ్లు ఉంటాయి, బ్రష్ అంతవరకూ చేరదు. ఎనిమిదేళ్లకే పుచ్చిపోయిన శాశ్వత దంతంతో వచ్చి "ఇది గూడ ఊడి మళ్లొస్తది గద" అని అడిగే తండ్రులకు ఏం చెప్పాలో తోచదు.

పురుగు కాదు, పుల్లటి ఆమ్లం

మా చిన్నప్పుడు పన్నులో పురుగు పడిందని నేలములక గింజల పొగ పట్టించేవారు. పురుగు ఉండదు. ఉండేది కంటికి కనిపించని సూక్ష్మజీవులు. మనం తిన్న చక్కెరను అవి పులియబెట్టి ఆమ్లం తయారు చేస్తాయి. ఆ ఆమ్లం పంటి పింగాణీ పొరలోని కాల్షియాన్ని కరిగిస్తుంది. తినడం ఆపాక అరగంట, ముప్పావుగంటలో లాలాజలం ఆ ఆమ్లాన్ని పలచబరిచి, పోయిన ఖనిజాన్ని కొంతవరకు తిరిగి పన్నుకు అందిస్తుంది. అంటే పన్ను రోజూ కొంచెం కరుగుతుంది, రోజూ కొంచెం పూడుతుంది. కరగడం ఎక్కువై, పూడటం తక్కువైతే గుంట పడుతుంది.

ఈ ఒక్క విషయం అర్థమైతే మిగిలిందంతా అర్థమవుతుంది. పిప్పిపన్ను అంటే ఒకసారి మొదలైతే ఆగనిది కాదు. ఏ దశలోనైనా, పన్ను లోపలి నరం దాకా వెళ్లకముందు, దాన్ని ఆపవచ్చు. తెల్లమచ్చ దశలో ఉంటే వెనక్కి కూడా మళ్లించవచ్చు. ఒకప్పుడు దంతవైద్యంలో పాడైన భాగమంతా, కాస్త చుట్టుపక్కల బాగున్న భాగంతో సహా, చెక్కి తీసేసి సిమెంటు పెట్టడమే పద్ధతి. ఇప్పుడు ఆలోచన మారింది. సూక్ష్మజీవికి తిండి అందకుండా మూసేస్తే, లేదా దాన్ని అక్కడికక్కడే చంపి పన్నును గట్టిపరిస్తే, చెక్కాల్సిన అవసరం బాగా తగ్గుతుంది. పిల్లల విషయంలో ఇది ఎంత ముఖ్యమో డ్రిల్లింగ్ మిషన్ చప్పుడుకు కుర్చీలోంచి దూకిన బిడ్డను పట్టుకున్న ఏ తల్లినైనా అడగండి.

ఒక చుక్క మందు

ఈ పద్ధతుల్లో అన్నిటికంటే సులువైనది సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అనే ద్రవం. దంతవైద్యులు పొట్టిగా ఎస్‌డీఎఫ్ అంటారు. పేరులో ఉన్నట్టే ఇందులో వెండి, ఫ్లోరైడ్ రెండూ ఉంటాయి. వెండి సూక్ష్మజీవుల్ని చంపుతుంది. ఫ్లోరైడ్ మెత్తబడిన పన్నును గట్టిపరుస్తుంది. ఇదేమీ నిన్నమొన్నటి ఆలోచన కాదు. వెండి లవణాన్ని పిప్పిపళ్లకు రాయడం వందేళ్ల కిందటే అమెరికాలో ఉంది. దానికి ఫ్లోరైడ్‌ను జతచేసిన ఈ మందు 1970 ప్రాంతానికే జపాన్‌లో వాడకంలోకి వచ్చింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లో దీన్ని పళ్ల జివ్వుమనే బాధకు అనుమతించింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. పెద్దల జాబితాలోనూ, పిల్లల జాబితాలోనూ ఉంది. అదే ఏడాది ఆ జాబితాలో చేరిన మరొకటి గ్లాస్ అయనోమర్ సిమెంట్. దాని సంగతి తర్వాత చెబుతాను.

చేసే విధానం చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. పన్ను మీద పాచి తుడుస్తారు. పెదవికి, చిగురుకు వాసెలిన్ రాస్తారు. దూదితో పన్నును పొడిగా చేసి, సన్నని కుంచెతో ఒక చుక్క మందును గుంటలో అద్ది, నిమిషం సేపు ఆగనిస్తారు. అంతే. సూది లేదు, డ్రిల్లింగ్ లేదు, మత్తు లేదు. నోట్లో కాస్త లోహపు రుచి తగులుతుంది. మూడేళ్ల బిడ్డను కూడా తల్లి ఒళ్లో పడుకోబెట్టుకుని చేయించవచ్చు. ఆరు నెలలకోసారి మళ్లీ రాయించాలి. 38 శాతం గాఢత ఉన్న మందును ఇలా వాడితే పాలపళ్లలో దాదాపు 80 శాతం గుంటలు అక్కడితో ఆగిపోతున్నాయని పలు దేశాల అధ్యయనాలను కలిపి చూసినవాళ్లు తేల్చారు. ఏడాదికి ఒకసారి కంటే రెండుసార్లు రాస్తే ఫలితం మెరుగు. ముందరి పళ్లలో బాగా పనిచేస్తుంది, వెనక దవడ పళ్లలో, ముఖ్యంగా పన్నుకూ పన్నుకూ మధ్య గుంటల్లో కొంచెం తక్కువ.

నూటికి ఇరవై ఆగవు. అది కూడా గుర్తుంచుకోండి. అందుకే ఒకసారి రాయించి మరిచిపోకూడదు.

నలుపు దగ్గర ఆగిపోతున్నాం

ఇంత సులువైన మందును ఎందుకు అందరూ వాడరు? రంగు వల్ల. మందు రాసిన గుంట కొన్ని రోజుల్లో బొగ్గులా నల్లబడుతుంది. బాగున్న పన్ను భాగం రంగు మారదు, పుచ్చిన భాగం మాత్రమే మారుతుంది. ఆ నలుపు పోదు. నిజానికి ఆ నలుపే పని జరిగిందనడానికి గుర్తు. మెత్తగా, పసుపు గోధుమ రంగులో ఉండే గుంట బతికి ఉన్న రోగం. నల్లగా, గోటితో గీకినా గట్టిగా తగిలే గుంట ఆగిపోయిన రోగం. గాయం మీద కట్టిన పొక్కులాంటిది.

కానీ మన ఇళ్లలో నలుపు అంత తేలిగ్గా తీసుకునే విషయం కాదు. "ఆడపిల్ల సార్, ముందటి పండ్లు నల్లగయితే బడిల అందరు నవ్వరా?" అని నాచారం నుంచి వచ్చిన ఓ తల్లి అడిగింది. నేను ఆమెను తప్పుపట్టను. వెక్కిరింపు కూడా బిడ్డకు నొప్పే. ఆ పాప వయసు నాలుగున్నర. ముందరి నాలుగు పళ్లూ చిగురు దగ్గర అరిగి, ఇప్పటికే గోధుమరంగుకు తిరిగాయి. అవి ఎలాగూ తెల్లగా లేవు. మరో రెండేళ్లలో ఊడిపోయే పళ్లు అవి. వాటికి మత్తు ఇచ్చి క్యాపులు వేయించడమా, రెండేళ్లు నలుపు భరించడమా అన్నది ఆ కుటుంబం నిర్ణయించుకోవాల్సిన విషయం. వెనక దవడ పళ్లకు మాత్రం మందు రాయించమని గట్టిగా చెప్పాను. అవి ఎవరికీ కనపడవు. ముందరి పళ్లకు రాసిన తర్వాత కూడా, నలుపు కనపడకుండా పైన తెల్ల సిమెంటు పూయించుకునే వీలుంది.

మత్తు మాట వచ్చింది కాబట్టి ఒక మాట. అవసరమైనప్పుడు మత్తు ఇచ్చి పళ్లకు చికిత్స చేయడం తప్పేమీ కాదు. అనుభవం ఉన్న మత్తు వైద్యుడు, సరైన ఆసుపత్రి ఉంటే సురక్షితమే. అయితే మూడేళ్ల లోపు పిల్లలకు ఎక్కువసేపు, లేదా పదేపదే ఇచ్చే పూర్తి మత్తు గురించి ఆచితూచి నిర్ణయించుకోమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016 చివర్లో హెచ్చరించింది. రెండున్నరేళ్ల బిడ్డకు ఎస్‌డీఎఫ్‌తో ఓ రెండేళ్లు నెట్టుకొస్తే, నాలుగున్నరేళ్లకు వాడే కుర్చీలో కూర్చుని నోరు తెరుస్తాడు. కాలం గడపడం కూడా ఒక చికిత్సే.

నల్గొండ వాళ్ల అనుమానం

ఎస్‌డీఎఫ్ గురించి చెప్పినప్పుడు మా దగ్గర నలుపు కంటే ముందు ఇంకో అభ్యంతరం వస్తుంది. ఉప్పల్, చిల్కానగర్, బోడుప్పల్, పీర్జాదిగూడల్లో స్థిరపడిన వాళ్లలో నల్గొండ, భువనగిరి వైపు నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఫ్లోరైడ్ అన్న మాట చెవినపడగానే వాళ్ల ముఖం మారిపోతుంది. "మా ఊర్ల ఫ్లోరైడ్ నీళ్లు తాగి మా బాపు నడుము వంగిపాయె. గదే మందు నా మనవడి పండ్లకు రాస్తరా?" అని ఓ తాత నన్ను నిలదీశాడు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పకుండా చీటీ మీద మందు రాసే హక్కు ఏ డాక్టరుకూ లేదు.

ఆ భయానికి చరిత్ర ఉంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట 1937లో నమోదు చేసింది తెలుగు నేల మీదే, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు, చౌటుప్పల్ ప్రాంతాల్లో తరతరాలు వంకరకాళ్లతో, బిగుసుకున్న కీళ్లతో బతికాయి. శివన్నగూడేనికి చెందిన అంశాల స్వామి ముడుచుకుపోయిన దేహం ఆ బాధకు గుర్తుగా దేశమంతా చూసింది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగ్‌పూర్ శాస్త్రవేత్తలు పెట్టిన పేరే 'నల్గొండ టెక్నిక్'. అలాంటి నేల నుంచి వచ్చినవాళ్లు ఫ్లోరైడ్‌ను మందు అంటే నమ్మాలని ఎలా అనుకుంటాం?

ఆ తాతకు నేను చెప్పింది లెక్క. లీటరులో ఒక మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగవచ్చని, వేరే నీళ్లు లేకపోతే ఒకటిన్నర దాకా సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం. లీటరులో ఐదు మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు రోజుకు మూడు లీటర్లు తాగిన మనిషి ఒంట్లోకి రోజూ 15 మిల్లీగ్రాములు వెళ్తుంది. ఏడాదికి 365 రోజులు, ఇరవై ముప్పై ఏళ్లు. ఎముకలు పాడయ్యింది ఆ లెక్కకు. ఎస్‌డీఎఫ్ ఒక చుక్కలో ఉండే ఫ్లోరైడ్ ఒకటి రెండు మిల్లీగ్రాములు. దాంట్లో చాలావరకు పన్నులోకే పోతుంది. ఏడాదికి రెండుసార్లు. ఉప్పు ఎక్కువైతే రక్తపోటు వస్తుందని కూరలో ఉప్పే వేయకుండా ఉండం కదా అంటే తాత కాసేపు ఆలోచించి, "అయితే నీళ్లు జాగర్త జూస్కోవాలె, మందు గాదు" అన్నాడు. నేను చెప్పిన దానికంటే ఆయన చెప్పిందే సూటిగా ఉంది.

నీళ్ల సంగతి నిజంగానే చూసుకోవాలి. మీ అపార్ట్‌మెంట్‌లో తాగడానికి బోరు నీళ్లు వాడుతుంటే ఒకసారి పరీక్ష చేయించండి. ఎనిమిదేళ్ల లోపు, అంటే శాశ్వత దంతాలు చిగుళ్ల లోపల తయారయ్యే వయసులో, ఫ్లోరైడ్ ఎక్కువగా మింగితే ఆ పళ్ల మీద తెల్లటి, గోధుమరంగు చారలు వస్తాయి. అందుకే పేస్టు మింగనివ్వకూడదు. మానేయమని కాదు, కొలత తెలుసుకోమని. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు బఠాణీ గింజంత పేస్టు చాలు. వ్యాపార ప్రకటనల్లో బ్రష్ పొడవునా మెలికలు తిప్పి వేసేది పేస్టు అమ్ముకోవడానికి, పళ్లు తోముకోవడానికి కాదు. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం దాటకూడదన్న నిబంధన ఉంది. ఆ వెయ్యి దగ్గర ఉన్నదే పనికొస్తుంది. 'పిల్లల పేస్టు', 'హెర్బల్' అని బొమ్మలతో అమ్మే కొన్నింటిలో ఫ్లోరైడ్ అసలు ఉండదు. డబ్బా వెనక అక్షరాలు చదివి కొనండి.

చెక్కకుండా మూసేయడం

ఇక గ్లాస్ అయనోమర్ సిమెంట్. 1980ల్లో టాంజానియాలో కరెంటు లేని ఊళ్లలో పనిచేసిన దంతవైద్యులు, మిషన్ లేకుండా చేతి పనిముట్లతోనే మెత్తబడిన పన్నును గీకి తీసి, పన్నుకు తనంతట తానే అతుక్కునే సిమెంటును వేలితో నొక్కి పెట్టడం మొదలుపెట్టారు. కరెంటు లేక చేసిన పని తర్వాత ఒక చికిత్సా విధానమైంది. 1994లో ప్రపంచ ఆరోగ్య దినోత్సవానికి నోటి ఆరోగ్యమే అంశం. ఆ ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ప్రోత్సహించడం మొదలుపెట్టింది. చాలాసార్లు మత్తు సూది కూడా అక్కర్లేదు. ఆ సిమెంటు నుంచి కొద్దికొద్దిగా ఫ్లోరైడ్ ఊరుతుంటుంది కాబట్టి చుట్టుపక్కల పన్నుకూ మేలు. ముందు ఎస్‌డీఎఫ్ రాసి, కొన్నాళ్లకు దాని మీద ఈ సిమెంటు పెట్టడం ఇప్పుడు చాలామంది పిల్లల దంతవైద్యులు చేస్తున్న పని. గుంటలో అన్నం ఇరుక్కోవడం తగ్గుతుంది.

స్కాట్లాండ్‌లో నోర్నా హాల్ అనే దంతవైద్యురాలు ఇంకా తెగువ చూపించారు. పాల దవడ పన్ను పుచ్చితే దాన్ని గీకను కూడా గీకకుండా, పైన రెడీమేడ్ స్టీలు క్యాప్‌ను సిమెంటుతో బిగించేశారు. లోపల మిగిలిన సూక్ష్మజీవులు తిండి అందక నిద్రాణంగా ఉండిపోతాయి. ఆమె పేషెంట్ల రికార్డులను డండీ విశ్వవిద్యాలయం పరిశోధకులు తిరగేసి, ఫలితాలు బాగున్నాయని 2006లో ప్రచురించారు. ఇప్పుడు దాన్ని 'హాల్ టెక్నిక్' అంటున్నారు. పన్నుకూ పన్నుకూ మధ్య వచ్చే గుంటలకు ఇది బాగా నప్పుతుంది. వేసిన కొన్ని రోజులు పళ్లు సరిగా కలవనట్టు, ఆ వైపు ఎత్తుగా ఉన్నట్టు బిడ్డకు అనిపిస్తుంది. కొన్ని వారాల్లో అదే సర్దుకుంటుంది. స్టీలు మెరుపు కనపడుతుంది, కనపడనివ్వండి. ఓ పిల్లాడు దాన్ని "రోబో పన్ను" అని క్లాసంతా చూపించుకున్నాడు.

ఆరేళ్లకు వచ్చే శాశ్వత దవడ పళ్ల గాళ్లను పుచ్చకముందే పూతతో మూసేయడం ఇంకొకటి. సీలెంట్ అంటారు. పావుగంట పని. నా లెక్కలో తల్లిదండ్రులు అడిగి మరీ చేయించుకోవాల్సింది ఇదే.

ఏ పన్నుకు పనికిరాదు?

ఇవన్నీ చదివి ప్రతి పిప్పిపన్నుకూ చుక్క మందు చాలనుకుంటే మళ్లీ నేను చేసిన పొరపాటే చేసినట్టు. బిడ్డ రాత్రిళ్లు నొప్పితో నిద్ర లేస్తున్నా, ఏమీ తినకుండా ఉన్నప్పుడు కూడా పన్ను దానంతట అదే సలుపుతున్నా, చిగురు మీద చిన్న పొక్కులాంటిది వచ్చి చీము కారుతున్నా, చెంప వాచినా ఆ పన్నులో రోగం నరం దాకా వెళ్లిపోయిందని అర్థం. పైన ఎన్ని పూసినా లాభం లేదు. రూట్ కెనాలో, పన్ను తీసేయడమో తప్పదు. అలాంటప్పుడు ఆ మాట చెప్పిన దంతవైద్యుణ్ణి అనుమానించకండి. వెండి పడనివాళ్లకు, నోట్లో పుండ్లున్న పిల్లలకు కూడా ఎస్‌డీఎఫ్ రాయకూడదు. పుట్టుకతో గుండె జబ్బు ఉన్న పిల్లల విషయం ఇంకా జాగ్రత్త. చీము పట్టిన పన్ను నుంచి సూక్ష్మజీవులు రక్తంలోకి చేరి గుండె పొరకు సోకే ప్రమాదం ఉంటుంది. వాళ్ల పళ్లను గుండె డాక్టరు సలహా తీసుకుని ముందే సరిచేయించాలి.

చెంప వాపుతో పాటు జ్వరం ఉన్నా, కన్ను మూసుకుపోతున్నా, నోరు తెరవలేకపోతున్నా, మింగలేకపోతున్నా తెల్లారేదాకా ఆగకండి. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ మూడు రోజులు వేయడం మా ఏరియాలో చాలా మామూలు. వాపు తగ్గినట్టే తగ్గి, ముదిరి తిరిగొస్తుంది. చీముకు కారణమైన పన్ను అక్కడే ఉంది కదా! నొప్పికి బరువును బట్టి పారాసిటమాల్ ఇవ్వండి. పెద్దవాళ్ల నొప్పి మాత్ర సగం చేసి వేయకండి. నిమెసులైడ్‌ను పన్నెండేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని మన ప్రభుత్వం 2011లోనే నిషేధించింది. ఆస్ప్రిన్ మాత్రను పన్ను పక్కన నొక్కిపెడితే చిగురు కాలిపోతుంది. పిల్లలకు ఆస్ప్రిన్ అసలే వద్దు.

ఇంట్లో జరగాల్సింది

బ్రిటన్‌లో మూడు నుంచి ఏడేళ్ల వయసున్న 1144 మంది పిల్లలతో ఒక పెద్ద పరిశోధన చేసి 2020లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లందరికీ అప్పటికే పిప్పిపళ్లున్నాయి. కొందరికి పాత పద్ధతిలో డ్రిల్లింగ్ చేసి సిమెంటు పెట్టారు, కొందరికి చెక్కకుండా మూసేశారు, కొందరికి బ్రషింగ్, ఫ్లోరైడ్, తిండి జాగ్రత్తలు మాత్రమే. మూడు గుంపుల్లోనూ నూటికి సుమారు 40 నుంచి 45 మంది పిల్లలకు తర్వాతి మూడేళ్లలో ఎప్పుడో ఒకప్పుడు పంటినొప్పో, చీమో వచ్చింది. పెద్ద తేడా లేదు. దీన్ని నేను రెండు రకాలుగా అర్థం చేసుకుంటాను. డ్రిల్లింగ్ చేయించలేదని ఏ తల్లీ బాధపడక్కర్లేదు. అలాగే ఏ చికిత్స చేయించినా, నోట్లోకి వెళ్లేది మారకపోతే కొత్త గుంటలు పడుతూనే ఉంటాయి.

పండగల్లో తినే తీపి గురించి నాకు బెంగ లేదు. బతుకమ్మ నాడు సత్తుపిండి, మలీద ఉండలు తిననివ్వండి. బెంగంతా రోజువారీ చిరుతిండి మీదే. పొద్దున చక్కెర కలిపిన పాలు, బడికి బిస్కెట్లు, సాయంత్రం కిరాణా కొట్టులో ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్, ట్యూషన్‌లో చాక్లెట్, పడుకునే ముందు మళ్లీ హెల్త్ డ్రింక్ కలిపిన పాలు. ప్రతిసారీ అరగంట, ముప్పావుగంట ఆమ్లం. లాలాజలానికి పన్నును బాగుచేసే తీరిక ఏది? ఎంత తీపి తిన్నారన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నదే పన్నుకు ముఖ్యం. చిప్స్, రస్కులు తీపిగా ఉండవు కాబట్టి పర్వాలేదనుకుంటారు. ఆ పిండి పంటి గాళ్లలో అతుక్కుని గంటలకొద్దీ ఉంటుంది.

పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే అలవాటు ఏడాది నిండేసరికి మాన్పించండి. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, పాలు పళ్ల చుట్టూ నిలిచిపోతాయి. రెండేళ్లకే ముందు పళ్లు అరిగిపోయిన పిల్లల్లో పదిమందిని అడిగితే ఎక్కువమంది ఇళ్లలో ఇదే కథ. రాత్రి దగ్గు సిరప్ ఇచ్చినా తర్వాత రెండు గుక్కల నీళ్లు తాగించండి, అందులోనూ చక్కెరే.

రాత్రి బ్రషింగ్ మన ఇళ్లలో పెద్దవాళ్లకే లేదు, పిల్లలకు ఎక్కడిది? ఒక్కపూటే కుదురుతుందంటే పొద్దున కాదు, రాత్రి చేయించండి. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా బ్రష్ మీ చేతిలోనే ఉండాలి. చొక్కా బొత్తాలు సరిగా పెట్టుకోలేని చేయి వెనక పళ్లు తోమలేదు. ఉమ్మేశాక నీళ్లతో పదేపదే పుక్కిలించకుండా వదిలేస్తే పేస్టులోని ఫ్లోరైడ్ పళ్ల మీద కాస్త నిలుస్తుంది. నెలకోసారి వెలుతురులో పై పెదవి ఎత్తి చూడండి. చిగురు అంచున సుద్దముక్క గీసినట్టు తెల్లటి గీత కనిపిస్తే, అదే మొదటి హెచ్చరిక. ఆ దశలో దంతవైద్యుడు పూసే ఫ్లోరైడ్ వార్నిష్‌తోనే పని అయిపోవచ్చు.

ఎక్కడికి వెళ్లాలి?

అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆసుపత్రి పక్కనే ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. అక్కడ పిల్లల దంతవైద్య విభాగం ప్రత్యేకంగా ఉంది. మా ఉప్పల్ వైపు నుంచి వెళ్లిరావడానికి ఒక పూట పడుతుంది. ప్రైవేటులో చూపించుకుంటే వీలైనంత వరకు పిల్లల దంతవైద్యంలో ఎండీఎస్ చేసినవాళ్ల దగ్గరికి వెళ్లండి. అక్కడ మూడు ప్రశ్నలు అడగండి: రోగం నరం దాకా వెళ్లిందా? వెళ్లకపోతే ఎస్‌డీఎఫ్‌తోనో, హాల్ క్యాప్‌తోనో ఆపే వీలుందా? మళ్లీ ఎప్పుడు చూపించాలి? అడిగితే ఏమనుకుంటారోనన్న మొహమాటం వద్దు. మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు సంతోషిస్తాడు.

ప్రభుత్వ ఉద్యోగిగా ఒక మాట కూడా ఇక్కడే అనాలి. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు డాక్టర్ల బృందాలు వెళ్తున్నాయి. వాళ్లు పరీక్షించాల్సిన జబ్బుల్లో పిప్పిపళ్లు కూడా ఉన్నాయి. పరీక్షిస్తారు, కాగితం మీద రాస్తారు, ఫలానా ఆసుపత్రికి వెళ్లమంటారు. కూలి పోగొట్టుకుని వెళ్లేదెందరు? రాసిన అదే రోజు, అదే బల్ల మీద, శిక్షణ పొందినవాళ్లు ఒక చుక్క మందు రాసి పంపితే ఎంతమంది పిల్లలు రాత్రి నిద్రపోతారు! కుర్చీ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. వెలుతురు, దూది, సన్నని కుంచె ఉంటే చాలు. బస్తీ దవాఖానాల్లోనూ ఇది జరగొచ్చు. ప్రైవేటు బడులకు ఫీజు కట్టే మీ పిల్లల్ని ఈ బృందాలు చూడవు. కాబట్టి మీ బడి యాజమాన్యాన్ని ఏడాదికి రెండుసార్లు దంతవైద్యుణ్ణి పిలిపించమని పేరెంట్స్ మీటింగ్‌లో అడగండి. వార్షికోత్సవం లైటింగ్ ఖర్చులో అది ఏ మూలకు?

నాచారం తల్లి మొన్న మళ్లీ వచ్చింది, ఈసారి పాపకు జలుబు చేసి. దవడ పళ్లకు రెండుసార్లు మందు రాయించారట. ముందరి పళ్ల గురించి భర్తతో, అత్తగారితో మాట్లాడి, చివరికి వాటికీ రాయించారు. నేను నోరు తెరవమన్నాను. నాలుగు నల్లటి చిన్న అంచులు. "బడిల ఎవరన్న ఏమన్న అంటున్రా?" అని అడిగితే పాప తల అడ్డంగా ఊపి, "మా టీచర్‌కు జెప్పిన, వెండి పెట్టిన్రు అని" అంది. తల్లి నవ్వింది. జామకాయ కొరుకుతోందట ఇప్పుడు.